సభలో నోరు విప్పించుట ఎవరి కాయకము?



మనుష్యులు కలిసి పనిచేయుచోట సభ తప్పదు. మొగుళ్లపల్లి ప్రాంతమున నాట్ల కాలములో కూలికి పోవు స్త్రీలు పొలము గట్టున కూర్చుండి, రేపు ఎవరి మడికి పోవలెను, కూలి ఎంత, ఎన్ని గంటలకు బయలుదేరవలెను అను సంగతులు తేల్చుకొందురు. ఆ కూటమికి అధ్యక్షుడు లేడు, మైకు లేదు, ఆహ్వానపత్రము లేదు. అయినను అందులో మాటాడనివారుండరు. ఏ ఆసామి కూలి డబ్బు జాగుచేయునో, ఏ మడిలో బురద లోతో, ఎవరి బిడ్డకు జ్వరము వచ్చినదో, అన్నియు అక్కడ లెక్కకు వచ్చును.

ఆ స్త్రీలే పదిదినముల తరువాత షామియానా క్రింద, కుర్చీల చివరి వరుసలో కూర్చుందురు. వేదికపై నలుగురు మాటాడుదురు. ముగింపున "ఎవరికైనను చెప్పవలసినది కలదా?" అని అడుగుదురు. ఎవరును పలుకరు. "సభ ఏకగ్రీవముగా ఆమోదించినది" అని తీర్మానముల పుస్తకములో వ్రాయబడును. గట్టుమీద అంత తెలివిగా మాటాడిన నోరు షామియానా క్రింద ఎందుకు మూతపడినది?

"వారికి తెలియదు", "వారికి ధైర్యము లేదు", "ఈ కాలపు పిల్లలకు శ్రద్ధ లేదు" అని పెద్దలు సాధారణముగా సమాధానము చెప్పుదురు. గట్టుమీది సభయే ఆ సమాధానమును కాదనుచున్నది. తెలివియు, ధైర్యమును, శ్రద్ధయు అక్కడ ఉన్నవి. ఇక్కడ లేకుండుటకు కారణము మనుష్యులలో లేదు, సభలో ఉన్నది. కావున సభ్యులచే నోరు విప్పించుట సభ్యుల పని కాదు, సభను నడుపువారి కాయకము. ఈ ధర్మమును కల్యాణపు శరణులు ఎట్లు ఆచరించిరో, నేటి పనిచోటులకు అది ఎట్లు ఉపకరించునో ఈ పాఠములో తెలిసికొందము.

1. మౌనము పుట్టు విధము

సభలో మౌనమునకు ముఖ్యముగా నాలుగు కారణములు కానవచ్చుచున్నవి.

మొదటిది, తీర్మానము ముందే జరిగిపోవుట. నిర్ణయము ఒకరి ఇంటిలో ముగిసినదని ఎరిగినవాడు సభలో శ్రమపడి మాటాడడు. పుస్తకమును ఇంటింటికి పంపి సంతకములు తెప్పించు ఆచారము ఉన్నచోట సభకు వచ్చుటయే వ్యర్థమని జనులు గ్రహింతురు.

రెండవది, పెద్దమాట ముందు పడుట. పదవిగలవాడు మొదట తన అభిప్రాయము చెప్పి, తరువాత "మీరేమందురు?" అని అడిగినచో, పిన్నలు తమకు తోచినది చెప్పరు, ఆయనకు నచ్చునది చెప్పుదురు, లేదా ఊరకుందురు.

మూడవది, చెప్పిన మాట ఏమైనదో తెలియకుండుట. ఒకమారు చెప్పితిని, జవాబు లేదు. రెండవమారు చెప్పితిని, జవాబు లేదు. మూడవమారు చెప్పువాడు అరుదు.

నాలుగవది, చెప్పినవానికే కీడు కలుగుట. లోపమును ఎత్తిచూపినవానిని "పెడసరపువాడు" అని ముద్రవేసినచో, చూచిన నలుబదిమందియు పాఠము నేర్చుకొందురు.

ఈ మౌనమునకు వెల కలదు. వడ్ల కొనుగోలు కేంద్రమున తేమ పదునేడు శాతమునకు మించరాదని నియమము. ఆకాశము మూసికొనివచ్చినపుడు ఏ మూల నీరు నిలుచునో, టార్పాలిన్లలో ఎన్ని చినిగినవో అక్కడి హమాలీలకు తెలియును. కేంద్రపు సమావేశములో వారిని ఎవరును అడుగనిచో ఆ ఎరుక వారియొద్దనే నిలిచిపోవును. వాన వచ్చిన రాత్రి తడియునది రైతు ఆరుమాసముల కష్టము. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనులు కలవు. గని పైకప్పునుండి వచ్చు చిన్న శబ్దమును ముందుగా వినువాడు దాని క్రింద పనిచేయు కార్మికుడు. అతని మాట రక్షణ సమావేశములో వినబడనిచో దానికి చెల్లింపబడు వెల ధనము కాదు, ప్రాణము.

2. కల్యాణపు సభ

పండ్రెండవ శతాబ్దమున కలచురి బిజ్జలుని రాజధానియైన కల్యాణమున బసవేశ్వరుడు భండారిగా, మంత్రిగా ఉండెను. ఆ నగరము నేటి కర్ణాటక రాష్ట్రమున బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 1956 వరకు ఆ సీమయు, మన ఓరుగల్లు సీమయు ఒకే హైదరాబాదు రాష్ట్రములోనివి. కావున అది మనకు పరాయి గడ్డ కాదు. అక్కడ శరణులు కూడి అనుభవగోష్ఠి నెరపిన స్థానమునే అనుభవమంటపమందురు.

ఆ సభలోని సంవాదములు మనకు విస్తరముగా లభించునది శూన్యసంపాదనమున. వచనములను సంభాషణరూపమున కూర్చిన ఆ గ్రంథమును పదునైదవ శతాబ్దమున మొదట శివగణప్రసాది మహాదేవయ్య సంకలనము చేసెను. తరువాత మరి ముగ్గురు దానిని పెంచి తీర్చిరి. అనగా అది బసవేశ్వరుని కాలమునకు సుమారు రెండువందల ఏబది ఏండ్ల తరువాతి కూర్పు. అందలి ప్రతి సంభాషణము అట్లే జరిగినదని చరిత్రకారులు అంగీకరింపకపోవచ్చును. అయినను మన పెద్దలు సభ యనగా ఎట్లుండవలెనని భావించిరో తెలిసికొనుటకు అంతకు మించిన ఆధారము వేరొకటి లేదు. పాఠమునకు కావలసినది ఆ భావమే.

ఆ సభలో ఐదు లక్షణములు గమనింపదగినవి.

పీఠము. సభను సమకూర్చినవాడు బసవేశ్వరుడు. ధనము, అధికారము, పలుకుబడి ఆయనవి. కాని శూన్యసింహాసనమున కూర్చుండినవాడు ఆయన కాడు, అల్లమప్రభువు. బళ్ళిగావికి చెందినవాడనియు, మద్దెల వాయించువాడనియు కథలు చెప్పు అల్లమునకు కల్యాణమున కొలువు లేదు, ఆస్తి లేదు. ఎవరివలనను ఆయనకు కావలసినది ఏదియు లేదు. అట్టివాడు పీఠమున ఉండుటచేత మంత్రియు, చాకలియు ఒకే దూరమున కూర్చుండిరి. అధికారము గలవాడే అధ్యక్షుడై, తానే విషయము చెప్పి, తానే తీర్పు చెప్పు సభలో మాట పుట్టదు. బసవేశ్వరుడు పీఠమును విడుచుటయే ఆ సభకు ప్రాణము పోసినది.

అర్హత. ఆ సభలో మాటాడుటకు కులము, చదువు, వయస్సు అర్హతలు కావు, కాయకమే అర్హత. మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను, నులియ చందయ్య త్రాళ్లు పేనెను, డోహర కక్కయ్య తోళ్లు ఊనెను, హరళయ్య చెప్పులు కుట్టెను, కదిరె రెమ్మవ్వ నూలు వడికెను. వీరు తమ పనిని వాకిట విడిచి సభకు రాలేదు, పనితోనే వచ్చిరి. చౌడయ్య వచనములలో పడవయు, రెమ్మవ్వ వచనములో రాట్నమును తత్త్వమునకు ఉపమానములైనవి. ఎవని పనిముట్టు భాష వానిది. "పెద్ద మాటలు రానివాడు మాటాడరాదు" అను సంకోచము అక్కడ లేదు. వచనములు చెప్పిన శరణులలో ముప్పదిమందికి మించిన స్త్రీలు ఉండుట యాదృచ్ఛికము కాదు. సభ కూర్పు అట్టిది.

పిన్నల మాట. అల్లమప్రభువు సొన్నలిగె సిద్ధరామయ్యతో కూడి కల్యాణమునకు వచ్చినపుడు బసవేశ్వరుడు లింగపూజలో నుండెను. తాను లేవక, వారిని లోనికి తోడ్కొని రమ్మని అప్పణ్ణను పంపెను. ప్రభువు గడప దాటలేదు. వాకిట జంగమము నిలిచియుండగా లోపల పూజ సాగించుట తగదని చెన్నబసవన్న ఎత్తిచూపెను. చెన్నబసవన్న బసవేశ్వరుని సోదరియైన అక్క నాగమ్మ కుమారుడు; వయస్సున చాల చిన్నవాడు. బసవేశ్వరుడు కోపింపలేదు, "నాకు నీవు చెప్పునంతవాడవా" అనలేదు. తన కొరతను ఒప్పుకొని వాకిటికి ఏతెంచెను. మేనల్లుడు పదిమందియెదుట తప్పు చెప్పగలిగెనన్న, అది మేనల్లుని సాహసముకంటె మేనమామ నెలకొల్పిన వాతావరణమునే ఎక్కువగా చాటుచున్నది.

ప్రశ్నకు ప్రత్యుత్తరము. అందరిని మాటాడనిచ్చుటయన అందరి మాటకు తలయూపుట కాదు. అక్కమహాదేవి కల్యాణమునకు వచ్చినపుడు అల్లముడు ఆమెను కఠినముగా ప్రశ్నించెను. ఆమె ప్రతి ప్రశ్నకును బదులు చెప్పెను. చివరకు సభ ఆమె అనుభవమును అంగీకరించి గౌరవించెను. ముక్తాయక్క అంతకంటె ముందుకు పోయి ప్రభువునే ప్రశ్నించెను. నిలుకడ నొందినవానికి ఇంత మాటలెందుకని నిలదీసెను. ప్రభువు ఆ ప్రశ్నను త్రోసివేయక బదులు చెప్పెను. కఠినమైన ప్రశ్న అవమానము కాదు. బదులు లేకుండ వదలివేయుట అవమానము. మాటను మాటగా ఎదుర్కొనుటయే చెప్పినవానికి ఈయదగిన గౌరవము.

కాలనియమము. ఆయ్దక్కి మారయ్య నేలపై రాలిన బియ్యపు గింజలు ఏరి, దానితో దాసోహము నడిపిన శరణుడు. ఒకనాడు ప్రభువుతోడి గోష్ఠిలో మునిగి అతడు కాయకమును మరచెను. భార్య లక్కమ్మ వచ్చి, కాయకము నిలిచిపోయినది, లేచి పొమ్మని హెచ్చరించెను. అనుభవగోష్ఠియైనను పని వేళను మ్రింగరాదని ఒక గృహిణి చెప్పగా, ఆ మాటయు శరణుల సాహిత్యములో పదిలమైనది. ఇదియే లక్కమ్మ మరొకనాడు, భర్త అవసరమునకు మించి బియ్యము తెచ్చినపుడు, ఎక్కువైనది తిరిగి ఇచ్చి రమ్మనెను. సభలకు పిలువబడి పూటకూలి పోగొట్టుకొను నేటి శ్రామికులు లక్కమ్మ మాటలోని న్యాయమును వెంటనే గ్రహింతురు.

3. సోమనాథుడు చూపిన భాషామార్గము

సభలో మనుష్యుడు పాలుగొనవలెనన్న అతనికి సభ భాష తెలియవలెను. కల్యాణపు శరణులు సంస్కృతమును విడిచి, వాడుక కన్నడమున వచనములు చెప్పిరి. తెలుగునాట ఆ పని చేసినవాడు పాల్కురికి సోమనాథుడు. మన పొరుగున జనగామ జిల్లాలోని పాలకుర్తి ఆ మహాకవి పేరుతో ముడిపడిన ఊరు. పండితులు మెచ్చు వృత్తములను కాదని, ఇంటింట పాడుకొనుటకు వీలైన ద్విపదలో ఆయన బసవపురాణమును రచించెను. దానికి జానుతెనుగు తగినదని భావించెను. తరువాత 1369లో భీమకవి దానిని కన్నడములోనికి తెచ్చెను. వాడుక నుడిలో చెప్పిన మాట చులకన కాలేదు. భాష దాటి, రాజ్యము దాటి ప్రయాణము చేసినది.

నేటి సమావేశములలో ఇందుకు విరుద్ధముగా జరుగుచున్నది. ఆదాయవ్యయములు, మార్గదర్శకములు, నిధుల పద్దులు ఎవరికిని తెలియని మాటలతో చదువబడును. విన్నవాడు అర్థముగాక ఊరకుండును. ఊరకుండుట అంగీకారముగా వ్రాయబడును. లెక్క చదువువాడు "ఇంత వచ్చినది, ఇంత పోయినది, ఇంత మిగిలినది, మిగిలినదానితో ఏమి చేయుదము?" అని తేటగా అడిగినచో సగము మౌనము అప్పుడే తొలగును.

4. కర్మాగారములో అనుభవగోష్ఠి

ఇది మఠములకు మాత్రమే చెల్లు ధర్మము కాదు. స్వతంత్ర భారతమునకు ముందే, 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టములో, నూరుగురు లేదా అంతకు మించి కార్మికులు గల సంస్థలందు వర్క్స్ కమిటీని ఏర్పరుపజేయుటకు వీలు కల్పింపబడినది. అందు కార్మికుల ప్రతినిధులు యజమాని ప్రతినిధులకంటె తక్కువ కారాదని నియమము. చట్టము కుర్చీని ఇచ్చినది; నోరు విప్పించు విద్య మాత్రము వేరుగా నేర్వవలసివచ్చినది.

ఆ విద్య జపాను దేశమున 1962 నుండి క్వాలిటీ సర్కిల్ అను పేర వృద్ధిపొందెను. కౌరు ఇషికావా దానికి మార్గదర్శి. మన దేశమున దానిని మొదటగా చేపట్టిన సంస్థలలో హైదరాబాదునకు చేరువనున్న రామచంద్రాపురము బీహెచ్ఈఎల్ కర్మాగారము ముఖ్యము. 1980 ప్రాంతమున అక్కడ ఇట్టి బృందములు ఆరంభమైనవి. 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరమ్ ఆఫ్ ఇండియా కూడ మన జంటనగరములలోనే స్థాపింపబడినది.

దాని విధానము సులభము. ఒకేచోట పనిచేయు ఆరుగురు మొదలు పదిమంది వరకు తమ ఇష్టముతో ఒక బృందమగుదురు. వారమునకు సుమారు ఒక గంట కూర్చుందురు. ఏ సమస్యను చర్చింపవలెనో పైవారు చెప్పరు, వారే ఎన్నుకొందురు. ఒక్కొక్కరు వరుసగా ఒక్కొక్క ఆలోచన చెప్పుదురు. తోచనివాడు "ఈ వరుస నన్ను దాటుడు" అని చెప్పవచ్చును. మరుసటి వరుసలో అతనికి అవకాశము వచ్చును. అందరి ఆలోచనలు బయటికి వచ్చువరకు ఎవరి ఆలోచనను ఎవరును విమర్శింపరాదు. పిమ్మట కారణములను చేపముల్లు ఆకారపు చిత్రముగా గీసి, ఒక్కొక్కటి పరీక్షింతురు. తేలిన పరిష్కారమును బృందమే యాజమాన్యమునకు వివరించును.

కల్యాణపు లక్షణములతో దీనిని పోల్చి చూచినచో సామ్యము తెలియును. పనిచేయుటయే అర్హత, పెద్దమాట ముందు పడదు, వరుసయందు అందరును సమానులు, కాలమునకు హద్దు కలదు. ఐదవది బదులు చెప్పుట. ఇది యాజమాన్యము చేతిలోనిది. ఇక్కడనే చాల సంస్థలు తప్పిపోయినవి. అమెరికాలో 1980ల మొదట ఇట్టి బృందములు వెల్లువగా పుట్టి, ఆ దశాబ్దము ముగియునంతలో చాలచోట్ల సన్నగిల్లినవి. బృందములు చెప్పినదానిని పైవారు పట్టించుకొనకుండుట దానికి ఒక ముఖ్యకారణము. అడిగి వినకుండుట, అడుగకుండుటకంటె ఎక్కువ హాని చేయును.

5. మన ఊరి కూటములు

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగినపుడు పాత వరంగల్లు జిల్లానుండి మొగుళ్లపల్లి మండలము నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మారినను ఊరి పనులు కూటములలోనే తేలవలసియున్నవి.

వానిలో మేలైన ఉదాహరణము స్వయం సహాయక సంఘములు. పది పదునైదుగురు స్త్రీలు గల ఈ సంఘములకు పంచసూత్రములు కలవు: క్రమముగా సమావేశము, క్రమముగా పొదుపు, క్రమముగా అంతర్గత అప్పు, క్రమముగా తిరిగి చెల్లింపు, సరియైన పుస్తక నిర్వహణ. ఐదింటిలో సమావేశము మొదటిదగుట గమనింపుడు. చక్కగా నడుచు సంఘములో సభ్యులందరు చాపమీద గుండ్రముగా కూర్చుందురు. చివరి వరుస అనునది ఉండదు. ఎవరి పొదుపు ఎంత, ఎవరి అప్పు ఎంత అని అందరియెదుట చదువబడును. అప్పు కావలసినవారు తమ అవసరము తామే చెప్పుకొనవలెను. మొదటి నెలలో పేరు చెప్పుటకే సిగ్గుపడిన స్త్రీ, ఒక ఏడు గడచునప్పటికి బ్యాంకులో మేనేజరుగారితో మాటాడగలుగుట తెలంగాణ పల్లెలలో పలువురు ఎరిగిన సంగతి. ఆమెకు ఉపన్యాసకళ ఎవరును నేర్పలేదు. ఆమె మాటతో డబ్బు కదలుట ఆమె చూచినది. అందుచే మాట వచ్చినది.

దీనికి ప్రక్కన గ్రామసభను నిలిపి చూడుడు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణము గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించినది. ఊరిలోని ఓటరులందరును అందు సభ్యులు. అధికారమున ఇది సంఘముకంటె ఎంతయో పెద్దది. కాని జాబితా ముందే సిద్ధమైనదని జనులు తలచినచోట, ఆ సభకు వచ్చువారు తగ్గుదురు, వచ్చినవారు ఊరకుందురు. ఆ మహిళయే సంఘములో పలుకును, గ్రామసభలో పలుకదు. మార్పు ఆమెలో లేదు.

6. మఠములలో, సమాజ సంఘములలో

ఇతరుల సభలను పరిశీలించినంతలో మన సమాజమునకు పాఠము పూర్తి కాదు. బసవజయంతి సన్నాహమునకు, మఠపు కట్టడమునకు, కల్యాణోత్సవములకు మనవారు సమావేశములు జరుపుదురు. వానిలో స్త్రీలు ఎక్కడ కూర్చుందురు? దాసోహపు వంట ఎందరికి చేయవలెనని మాత్రము వారిని అడుగుదురు. ఆ ధనము ఎట్లు కూర్చవలెను, దానితో విద్యార్థివేతనము ఇయ్యవలెనా, వేదిక కట్టవలెనా అని అడుగుట అరుదు. యువకులకు తోరణములు కట్టు పని అప్పగింతురు. కార్యక్రమ నిర్ణయమున చోటు ఈయరు. పిమ్మట "పిల్లలు మఠమునకు రావుట మానిరి" అని విచారింతురు.

ఇష్టలింగధారణము స్త్రీపురుషులకు సమానమని చెప్పు ధర్మము మనది. అక్కమహాదేవిని సభ మధ్యమున నిలిపి ఆలకించిన పరంపర మనది. ఆ పరంపర జయంతినాటి ఉపన్యాసములో వినబడి, మరునాటి కమిటీ సమావేశములో కనబడనిచో పిల్లలు ఆ తేడాను వెంటనే కనిపెట్టుదురు. పట్నములలో చదివి, కార్యాలయములలో తమ మాటకు విలువ పొందుచున్న పిల్లలు, మాట చెల్లని చోటికి ఎక్కువకాలము రారు. ఇక్కడ పోగొట్టుకొనునది ఒక సమావేశమును కాదు, ఒక తరమును.

7. ఆచరణ విధి

సభను నడుపువారు ఈ క్రింది విధులను పాటింపవచ్చును. ఇవి కర్మాగారమునకు, పాఠశాలకు, సంఘమునకు, మఠమునకు సమానముగా చెల్లును.

సభకు ముందు: ఏ విషయము తేల్చుటకు కూడుచున్నారో ఒక్క వాక్యములో ముందుగా తెలుపవలెను. తేల్చవలసినది లేనిచో సభ పిలువక, వార్త పంపిన చాలును. ఆ విషయముతో చేతిపని గలవారందరిని పిలువవలెను. కూలి పోని వేళను, స్త్రీలకు అనువైన వేళను ఎన్నుకొనవలెను.

సభ కూడినపుడు: వీలైనంతవరకు గుండ్రముగా కూర్చుండవలెను. మొదటి పది నిమిషములలోనే ప్రతివారును ఒక మాట చెప్పునట్లు చూడవలెను. పేరును, పనిని చెప్పినను చాలును. ఒకమారు తన గొంతు సభలో విన్నవాడు రెండవమారు సులభముగా పలుకును. "ఎవరైనను చెప్పుడు" అను ప్రశ్నకు ఎవరును బదులీయరు, "రాత్రి కాంటా దగ్గర ఉన్నది మీరు గదా, అక్కడ ఏమి ఇబ్బంది కలిగినది?" అని ఒకరి పనిని గూర్చి అడిగినచో తప్పక చెప్పుదురు. పిన్నలు ముందు, పెద్దలు పిదప మాటాడవలెను. అధ్యక్షుడు అందరికంటె చివర. ఇద్దరు ముగ్గురే సభనంతయు ఆక్రమించినచో, "మీ మాట అందినది, ఇంకను వినవలసినవారున్నారు" అని మర్యాదగా నిలుపవలెను. మాటాడుటకు ఇష్టము లేనివారిని బలవంతపెట్టరాదు; వారు తరువాత ఒంటరిగా చెప్పుటకు త్రోవ ఉంచవలెను.

సభ ముగిసిన పిమ్మట: ఎవరు ఏమి చెప్పిరి, ఏమి తేలినది, ఎవరు ఎప్పటిలోగా చేయవలెను అని వ్రాసి అప్పుడే చదివి వినిపింపవలెను. తరువాతి సభ పాత మాటల లెక్కతోనే మొదలు కావలెను. జరిగినది జరిగినదని, జరుగనిది ఎందుకు జరుగలేదో చెప్పవలెను. ఒప్పుకొనని సలహాకును కారణము చెప్పి బదులీయవలెను. లోపమును చెప్పినవానికి ఏ కీడును కలుగకుండ కాచుట అధ్యక్షుని బాధ్యత.

8. రెండు సందేహములు

"అందరిని మాటాడనిచ్చినచో కాలము చాలదు" అందురు. పండ్రెండుగురు తలకు రెండు నిమిషములు మాటాడినచో పట్టునది ఇరువదినాలుగు నిమిషములు. ఒక్కరి స్వాగతోపన్యాసమునకే అంతకాలము పోవు సభలు కలవు. మౌనముతో త్వరగా ముగిసిన సభ తీర్మానము, చేయవలసినవారి మనస్సు కలియనందున, పనిలో నెలల తరబడి నిలిచిపోవును.

"తెలియనివారేమి చెప్పుదురు?" అందురు. రాజ్యభండారమును నడిపిన బసవేశ్వరునికి త్రాడు పేనుట తెలియకపోవచ్చును, చందయ్యకు తెలియును. ఎవని పనిలో వాడు తెలిసినవాడే. తెలియనిది ఏమున్నదన్న, వారికి తెలిసినదానిని అడుగుట మనకు తెలియదు.

కాయకమే కైలాసమని మనము నేర్చినాము. సభను నడుపుటయు ఒక కాయకమే. ఆ కాయకమునకు కూలి హారము కాదు, జిందాబాదు కాదు. చివరి వరుసలోని మనిషి లేచి, తడబడుచునైనను, తనకు తెలిసిన నిజమును చెప్పుటయే దానికి కూలి.

చర్చకు ప్రశ్నలు

1. మీ సంఘపు గత మూడు సమావేశములలో ఎందరు కూడిరి, ఎందరు మాటాడిరి? పుస్తకము చూచి లెక్కింపుడు.

2. సభను కూర్చిన బసవేశ్వరుడు పీఠమున తాను కూర్చుండక అల్లమప్రభువును కూర్చుండబెట్టుటలోని ఔచిత్యమేమి?

3. చెన్నబసవన్న మాటను బసవేశ్వరుడు గ్రహించినట్లు, మీ ఇంటిలో పిన్నల మాటను పెద్దలు గ్రహించిన సందర్భమును చెప్పుడు.

4. లక్కమ్మ హెచ్చరికను బట్టి, మీ సమావేశ వేళను ఎట్లు మార్చుకొనవచ్చును?

5. మీ మఠములో రానున్న బసవజయంతి సన్నాహ సమావేశమున మొదటి మాట ఎవరిది కావలెను?